చుక్క ఇవ్వని పడవవాడు

శంఖిని ఏటికి మూడో వరద వచ్చి తామ్రకోట రాగితలుపులు ఎత్తుకుపోయిన ఏడు ఇది జరిగింది.

మొదటి వరద పొలాలు తిన్నది. రెండో వరద మనుషులను తిన్నది. మూడో వరద మాత్రం తలుపులతో సరిపెట్టుకుని వెనక్కి పోయింది. దానికి కారణం తూర్పు బురుజు మీద ప్రతిష్ఠించిన జలస్తంభన మణి. అది ఉన్నంతకాలం శంఖిని కోటగోడ దాటి లోపలికి రాదు.

ఆ మణిని పొద్దుటిపూట చూడాలి. నెమలికంఠం రంగు. ఎండ తగలగానే అందులోంచి నీలికాంతి కెరటాలుగా లేచేది. బురుజు మీది రాతిసింహాల జూలు తడిసినట్టు మెరిసేది. కింద వీధుల్లో నడిచేవాళ్ల తలపాగాల మీద, గడపల మీద, పాలకడవల మీద ఆ కాంతి చేపపిల్లల్లా ఈదేది. పసిపిల్లలు దాన్ని పట్టుకోబోయి బోర్లాపడేవాళ్లు. పక్కరాజ్యాల రాయబారులు చెప్పవచ్చిన మాట మరిచిపోయి, నోళ్లు తెరుచుకుని పైకి చూస్తూ నిలబడేవాళ్లు.

ఒక పొద్దున బురుజు మీద ఆ మణి లేదు.

ఎవరు తీశారో అందరికీ తెలుసు. ధూమగిరి మీద కరాళుడనే మాంత్రికుడున్నాడు. వాడు చొక్కా తొడుక్కున్నట్టు మనిషి రూపం తొడుక్కుంటాడు. గొంతు, నడక, నుదుటి మీది గాటు, అన్నీ వస్తాయి. అయితే వాడికీ ఒక చిక్కుంది. మణికి కావలివాడొకడు ఉంటాడు. ప్రతిష్ఠనాడు వాడి నెత్తురుబొట్టు మణికి పెడతారు. ఆ కావలివాడి చేతిలో తప్ప అది కోట దాటదు. ఇంకెవరు పట్టుకుపోబోయినా గోడ దగ్గరకు వచ్చేసరికి కొండంత బరువై కూలబడుతుంది. అంటే మణి ఇంకా కోటలోనే ఉంది. కరాళుడూ ఎవడి రూపంలోనో కోటలోనే ఉన్నాడు.

రాజు విజయధ్వజుడు దారులన్నీ మూయించాడు. కావలివాడు మారనకు సంకెళ్లు వేయించాడు. "రేపు సూర్యోదయంలోగా కరాళుణ్ణి పట్టి తెండి. లేదా ఈ మారన తల పట్టపుటేనుగు కాలి కింద పెడతాను. వీడు పోతే మణిని ఇక ఎవడూ కోట దాటించలేడు" అని చాటింపు వేయించాడు. రాజు లెక్క రాజుది.

మారనకు తల్లి ఉంది. పేరు అక్కసాని. రాజుగారి వంటశాలకు అరిసెలు, మండిగలు చేసి ఇస్తుంది. మొగుడు రెండో వరదలో పోయాడు. మొగుడి తమ్ముడు కాటన కంచరి, గంటలు పోస్తాడు. వదినా మరిదీ ఒకే పెరట్లో రెండిళ్లలో ఉంటారు.

వీళ్లిద్దరికీ ఊళ్లో ఒక పేరుంది. ఎవరింట్లో ఏది పోయినా ముందు తలారి దగ్గరకు పోరు. అక్కసాని అరుగు మీదకు వస్తారు. రాణిగారి చెవికమ్మను కాకి ఎత్తుకుపోలేదనీ, రాణిగారి అప్పచెల్లెలే ఎత్తుకుపోయిందనీ తేల్చింది వీళ్లే. చెరకుతోటలో రోజూ ఏడ్చే దయ్యం, అత్తతో పడలేక అక్కడికి వచ్చి ఏడ్చే కోడలని తేల్చిందీ వీళ్లే. అక్కసాని మనుషుల్ని చూస్తుంది. కాటన వస్తువుల్ని చూస్తాడు. తరువాత ఇద్దరూ అరుగు మీద కూర్చుని పోట్లాడుకుంటారు. ఆ పోట్లాటలోంచి నిజం బయటపడుతుంది. జనానికి అదొక వేడుక.

ఆ రోజు వేడుక కాదు.

"ఏడవకు వదినా. ఏడిస్తే బుర్ర పనిచెయ్యదు" అన్నాడు కాటన.

"నాకేం ఏడుపు? నీ మొహం చూస్తేనే వస్తోంది. మంచినీళ్లు తాగు ముందు. నాలుక ఎండిపోయి మాట తడబడుతోంది నీకు" అని ముంత చేతికిచ్చింది అక్కసాని.

కాటన ముంత ఎత్తాడు. తాగే ముందు ఒక చుక్క నేల మీదకు వంచాడు. వంచి తాగాడు.

ఇద్దరూ నేల మీది ఆ తడిమచ్చ వైపు చూశారు.

తామ్రకోటలో పుట్టినవాడు ఎవడైనా తాగే ముందు ఒక చుక్క కిందకు వంచుతాడు. అది శంఖిని వాటా. మొదటి వరద నాటినుంచీ ఆ ఆచారం ఉంది. అడిగి తీసుకోకముందే ఇచ్చేస్తే ఏరు ఊరుకుంటుందని నమ్మకం. పాలుతాగే పిల్లల చేత కూడా తల్లులు చుక్క వంపిస్తారు. ఇవ్వనివాణ్ణి ఏటిద్రోహి అని ఊరి బయటకు తరుముతారు. చెయ్యి దానంతటదే వంగుతుంది, తలుచుకుని చేసే పని కాదు.

"మొహం వస్తుంది, గొంతు వస్తుంది. ఇది వస్తుందా వాడికి?" అన్నాడు కాటన.

అక్కసాని అప్పటికే కొంగు నడుముకు చుట్టేసింది. "పెద్ద కడవలు దించు మరిదీ. బెల్లం నేను కొడతా."

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి రాజవీధి మొగలో చలిపందిరి లేచింది. తాటాకు కప్పు, మామిడి కొమ్మలు, నాలుగు కడవల నిండా పానకం. ఎండ కొలిమిలా ఉంది. దారులు మూసేయడంతో ఊళ్లోకి నీటిబళ్లు రాలేదు. దాహంతో జనం ఈగల్లా మూగారు. అక్కసాని ముంతతో పోస్తుంది. కాటన పందిరి గుంజకు ఆనుకుని చేతులు చూస్తాడు.

పూలమ్మే చెంగసాని వచ్చింది. "ఏంటక్కా, కొడుకు సంకెళ్లలో ఉంటే నువ్వు పానకాలు పంచుతున్నావు? పెళ్లా ఏంటి?" అంది.

"పుణ్యం కోసమే తల్లీ. నీ నోటికి కాస్త తీపి తగిలితే మాట బాగుపడుతుందేమోనని కూడా."

చెంగసాని మూతి తిప్పి, చుక్క వంచి, గటగటా తాగిపోయింది. సైనికులు వచ్చారు, వంచారు. నేతగాళ్లు వచ్చారు, వంచారు. గుండు చేయించుకున్న ముసలాయన ఒకడు వచ్చాడు. ముంత అందుకుని, వంచకుండా నేరుగా నోట్లో పోసుకున్నాడు.

కాటన పులిలా దూకి ఆయన నడుం పట్టాడు.

"వదులు మరిదీ! మొన్ననేగా ఆయన పెళ్లాం పోయింది! మైలలో ఉన్నాడు!" అని అరిచింది అక్కసాని.

చావుమైల ఉన్నవాళ్లు శంఖినికి ఇవ్వకూడదు. ఇస్తే ఏరు చావు రుచి మరుగుతుందని ఊరి భయం.

"మైలవాణ్ణి పట్టుకుని పంచె లాగుతావేంట్రా కంచరోడా! నీ గంటలు పగల!" అని ముసలాయన తిట్టాడు. జనం పగలబడి నవ్వారు. కాటన పంచె సర్ది, దణ్ణం పెట్టి, మళ్లీ గుంజకు ఆనుకున్నాడు.

"కళ్లు ఎక్కడ పెట్టుకున్నావు?" అని వదిన పళ్లు కొరికింది.

"చేతుల మీద పెట్టుకోమన్నది నువ్వేగా."

అప్పుడు గుర్రాల డెక్కల చప్పుడైంది. దళపతి రణభల్లుడు వచ్చాడు. కోటలో రాజు తరువాత రాజంతటివాడు. ఆరడుగుల మనిషి, పొన్నుకర్రలాంటి ఒళ్లు, బుగ్గ మీద ఖడ్గం గాటు. కిందటివారమే తల్లి కాలం చేసిందని తలపాగా లేకుండా, కాళ్లకు చెప్పులు లేకుండా ఉన్నాడు. అంతటివాడు గుర్రం దిగి, ముంత రెండు చేతులా అందుకుని, నేల మీదకు ధారగా వంచి, తరువాత తాగాడు.

"భయపడకు తల్లీ. నీ కొడుకు నాకూ బిడ్డలాంటివాడు. ఆ మాయలోడు దొరికితే నీ కొడుకును నేనే చెయ్యి పట్టి నీకు అప్పగిస్తాను" అన్నాడు.

అక్కసాని కళ్లు నిండాయి. ఆయన పోతుంటే వెనకనుంచి నమస్కారం చేసింది. "చూశావా మరిదీ, ఎంత పెద్దమనసు! మనలాంటివాళ్లం చుక్క వంచితే ఆయన ధార వంచాడు."

కాటన చూశాడు. చూసి తల ఊపాడు.

పొద్దు కాస్త వాలింది. ఏటిఒడ్డు వైపు నుంచి ఒకడు నడిచి వస్తున్నాడు. నల్లటి మనిషి, భుజాన తడి తుండు. పడవ నడిపే పోలన. పందిరి పక్కనుంచి తల వంచుకుని పోబోయాడు.

"అన్నా, ఎండలో పోతున్నావు. కాస్త తాగి పో" అంది అక్కసాని.

"వద్దమ్మా."

"వద్దంటావేంటి, పెదాలు పగిలి ఉంటే! నా కొడుకు మీద ఒట్టు, తాగు."

ఒట్టు వేసిందని ముంత అందుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. జనానికి వీపు తిప్పి, చుక్కయినా వంచకుండా తాగేశాడు.

ఆ చెయ్యి కాటనకు కనిపించింది.

"వీడే!" అన్నాడు.

పోలన ముంత విసిరి పరుగెత్తాడు.

అలా పరుగెత్తాడంటే ఇంకేం కావాలి? కాటన వెనకపడ్డాడు. కాటన వెనక వీధి వీధంతా పడింది. పోలన అద్దకంవాళ్ల పెరట్లోకి దూకి, నీలిమందు తొట్టి దాటబోయి అందులో పడి, నడుం దాకా నీలమై లేచి గోడెక్కాడు. గోడ మీంచి నూనెగానుగ కప్పు మీదకు, కప్పు మీంచి గజశాల మీదకు దూకాడు. కాటన పెంకులు కాళ్ల కింద పగులుతుండగా పరుగెత్తాడు. ఒక పెంకు జారి ఏనుగు కుంభస్థలం మీద పడింది. అది ఘీంకరించి గుంజ పెరికింది. కప్పు సగం కూలింది. కాటన కూలే వాసాన్ని పట్టుకుని ఉయ్యాలలా ఊగి అవతల గోడ మీద పడ్డాడు. ముందర రాగితలుపులు పోయిన మొండిస్తంభం. పోలన దాని మీదకు ఎగబాకి ఏట్లోకి దూకబోయాడు. అంచు దాకా వచ్చి ఆగాడు. కింద నీళ్లు. వాడు ఆ నీళ్ల వైపు చూశాడు గాని దూకలేదు. పడవవాడు నీళ్లను చూసి ఆగడమేమిటని కాటన అప్పుడు ఆలోచించలేదు. జుట్టు పట్టి కిందకు లాగాడు.

రాజసభలో విచారణ చిటికెలో అయిపోయింది.

"నువ్వు కరాళుడివేనా?"

"కాదు ప్రభూ. పోలనను. పడవ నడుపుకుంటాను."

"శంఖినికి వాటా ఎందుకివ్వలేదు?"

పోలన తల వంచుకున్నాడు. ముక్కులోంచి నెత్తురు కారుతోంది. కొరడాతో రెండు తగిలించాక మాత్రం తల ఎత్తి, "దానికి నేనివ్వను" అన్నాడు. మళ్లీ నోరు తెరవలేదు.

దళపతి రణభల్లుడు ముందుకు వచ్చాడు. "ఏలికా, మాయరూపం బతికుండగా విడిపోదు. రేపు సూర్యోదయాన వీణ్ణి ఏనుగు చేత తొక్కిస్తే అసలు రూపం బయటపడుతుంది. మణి ఎక్కడ దాచాడో అప్పుడు వెతుక్కోవచ్చు. ఈ కుర్రాణ్ణి మాత్రం ఇప్పుడే విడిపించండి. పాపం, నిర్దోషి."

రాజు సరేనన్నాడు. మారన సంకెళ్లు ఊడాయి. అక్కసాని కొడుకును పట్టుకుని సభలోనే కూలబడింది. జనం వదినామరిదులను భుజాల మీదకెత్తి ఊరేగించారు.

ఊరేగింపు ఇల్లు చేరాక కాటన ఒక్కడే ఏటిఒడ్డుకు, ఏట్లోకి తెరుచుకునే నీటిగుమ్మానికి ఇవతల గోడ లోపలే ఉన్న పడవవాళ్ల గుడిసెలకు వెళ్లాడు. మణి పోలన గుడిసెలో దొరుకుతుందేమోనని వెళ్లాడు.

గుడిసె ముందు పోలన పెళ్లాం నూకి కూర్చుని ఉంది. చేతిలో వల ఉంది గాని అల్లడం లేదు. కాటనను చూసి లేవలేదు.

"వెతుక్కో బాబూ. ఏముందని? రెండు కుండలు, ఒక చాప" అంది.

"నీ మొగుడు ఎప్పటినుంచి ఇలా ఉన్నాడు?"

"ఎలా?"

"ఏటికి చుక్క ఇవ్వకుండా."

నూకి వల పక్కన పెట్టింది. "రెండో వరద నాటినుంచి. మా పిచ్చిక పోయిన నాటినుంచి. గెంతుతూ గెంతుతూ నడిచేది, అందుకని పిచ్చిక అని పిలిచేవాళ్లం. పడవలోంచి జారింది. ఈయన చేతికి పరికిణీ అంచు దొరికింది. పిల్ల దొరకలేదు. 'నా ఇంట్లోంచి దానికి ఇవ్వాల్సింది ఇచ్చేశాను, ఇక చుక్క ఇవ్వను' అన్నాడు. ఊరికి తెలిస్తే తరుముతారని నది నడిమధ్యకు పోయి తాగేవాడు. నీళ్లలోకి మాత్రం ఆ రోజు నుంచి దిగడు. పడవ నడుపుతాడు గాని దిగడు."

కాటన మొండిస్తంభం అంచున ఆగిపోయిన మనిషిని తలుచుకున్నాడు.

"ఈ మాట సభలో ఎందుకు చెప్పలేదు?"

"కూతురి పేరు మీ అందరి ముందూ ఎత్తుతాడా? నువ్వయినా ఇంటికొచ్చి నన్ను అడగొచ్చుగా. ఊళ్లో కోడి పోయినా ఇల్లిల్లూ తిరిగి అడుగుతారంట మీ వదినా నువ్వూ. మా ఇల్లే దూరమైందా?"

కాటన గుడిసె లోపలికి అడుగు పెట్టలేదు. వెనక్కి తిరిగాడు.

దీపాలు పెట్టే వేళకు పెరట్లోకి వచ్చాడు. మారన పీట మీద కూర్చుని అన్నం తింటున్నాడు. అక్కసాని పక్కనే కూర్చుని విసనకర్రతో విసురుతోంది. కాటన ఆమెను కొలిమిశాల దగ్గరకు పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

అక్కసాని విసనకర్ర చేతిలో తిప్పుతూ విన్నది.

"ఇప్పుడేం చేద్దామని?" అంది.

"రాజుగారికి చెప్పాలి."

"చెబితే?"

"పోలనను వదిలేస్తారు."

"వదిలేసి ఎవర్ని పట్టుకుంటారు మరిదీ?"

కాటన పీట మీద ఉన్న మారన వైపు చూశాడు.

"చెప్పు. సూర్యోదయానికి ఏనుగు కింద ఎవరో ఒకరు ఉండాలిగా. నువ్వు పోయి మేము పొరపాటు పడ్డామంటే ఎవరు పడుకుంటారు అక్కడ? నువ్వా? నిన్నెవరూ అడగరు. నా కొడుకు పడుకుంటాడు. వాడు అన్నం తింటున్నాడు. విన్నావా? పొద్దున్నుంచి మొదటి ముద్ద."

"వాడు ఏ తప్పూ చెయ్యలేదు వదినా, ఆ పడవవాడు."

"నా మొగుడు చేశాడా? ఏరు అడిగిందా తప్పొప్పులు? నా ఇంట్లోంచీ ఒకణ్ణి ఇచ్చాను నేను. అయినా చుక్క వంచుతూనే ఉన్నాను. వాడికేనా దుఃఖం?"

"నువ్వే కదా వదినా వద్దన్నవాడి చేత తాగించావు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అక్కసాని మొహం రాయిలా అయింది. కాసేపటికి గొంతు మారింది. "సరే. ముందు ఎంగిలిపడు. కొలిమి దగ్గర కూర్చో, కంచం తెస్తాను. తెల్లవారాక పోయి చెబుదువుగాని."

కాటన లోపలికి వెళ్లి కూర్చున్నాడు. కంచం వచ్చింది. మొదటి ముద్ద కలుపుతుండగా వెనక తలుపు మూసుకుంది. బయటనుంచి ఇనుప గడియ పడింది.

"వదినా!"

"అరవకు. నా కొడుకును ఈ ఊరు దాటించేదాకా నువ్వు అక్కడే ఉంటావు. తరువాత పోయి ఎవరితోనైనా చెప్పుకో."

"దారులన్నీ మూసి ఉన్నాయి. ఎలా దాటిస్తావు?"

"దళపతి మాటిచ్చాడు. ఆయన కాళ్లమీద పడతాను. నీటిగుమ్మం తాళాలు ఆయన దగ్గరే ఉన్నాయి."

అడుగుల చప్పుడు దూరమైంది.

కాటన భుజంతో తలుపును కుమ్మాడు. తన చేత్తో బిగించిన తలుపు, కదల్లేదు. అలిసి గోడకు చేరగిలబడ్డాడు. పందిట్లో చూసిన చేతులన్నీ మళ్లీ కళ్లముందు తిరిగాయి. చెంగసాని చెయ్యి. సైనికుల చేతులు. ముసలాయన చెయ్యి, మైలని వంచని చెయ్యి. తరువాత రెండు చేతులా ముంత పట్టుకుని ధార వంచిన మనిషి.

తల మీద తలపాగా లేదు. కాళ్లకు చెప్పులు లేవు. తల్లి పోయి వారం.

మైలలో ఉన్నవాడు.

కరాళుడు ఆచారం నేర్చుకునే వచ్చాడు. సగమే నేర్చుకున్నాడు. వీళ్లు ఇవ్వనివాడి కోసం కళ్లు కాయలు కాచేలా చూశారు. ఇవ్వకూడనివాడు ఎదురుగా నిలబడి ఇచ్చిపోతే నమస్కారం పెట్టారు.

ఆ దళపతి పానకం తాగి అన్న మాట కూడా గుర్తొచ్చింది. చెయ్యి పట్టి అప్పగిస్తానన్నాడు. మణి కోట దాటాలంటే వాడికి కావలసిందే ఆ చెయ్యి.

కాటన గొంతు చించుకుని అరిచాడు. మాయలోడు దళపతి అని, వదినా పోవద్దని అరిచాడు. పెరట్లో ఎవరూ లేరు.

తెల్లవారింది.

కాటన కొలిమి మీదకెక్కి, రాత్రంతా సుత్తితో ఒక్కొక్కటిగా వదులు చేసిన పొగగూడు ఇటుకలను ఊడబెరికి, మసిలో ఈదినట్టు పైకి పాకి కప్పు మీద పడ్డాడు. అప్పుడే నగారా మోగింది. పెరటి గడ్డివామి మీదకు దూకాడు. దొర్లాడు. లేచి పరుగెత్తాడు. వీధుల నిండా జనం ఒకే వైపు పోతున్నారు. గొర్రెలమందను చీల్చినట్టు చీల్చుకుని పరుగెత్తాడు. "ఆపండి! వాడు కాదు!" అని అరిచాడు. నగారాలో ఆ అరుపు ఎవరికి వినిపిస్తుంది?

మైదానం చేరేసరికి ఏనుగు కాలు దించేసింది.

జనం మెడలు సాచి చూశారు. అసలు రూపం బయటపడుతుందని చూశారు. రాజు సింహాసనం మీంచి లేచి చూశాడు. ఎంతసేపు చూసినా అక్కడ పోలనే ఉన్నాడు. నీలిమందు అంటిన పోలన కాళ్లు, పోలన చేతులు. మారింది ఏమీ లేదు.

"దళపతి ఎక్కడ?" అన్నాడు రాజు.

దళపతి లేడు. భటులు ఇంటికి పరుగెత్తారు. ధాన్యపు పాతరలో అసలు రణభల్లుడి శవం దొరికింది. చచ్చి నాలుగైదు రోజులై ఉంటుంది.

కాటన అక్కడ నిలబడలేదు. నీటిగుమ్మం వైపు పరుగెత్తాడు. గుమ్మం బార్లా తెరిచి ఉంది. అక్కసాని మెట్ల మీద నిలబడి ఉంది. మొహం ప్రశాంతంగా ఉంది.

"పంపించేశాను మరిదీ. ఇక రాజుగారికి ఏం చెప్పుకుంటావో చెప్పుకో."

"ఎవరితో పంపావు?"

"దళపతితోనే. ఆయనే స్వయంగా పడవలో కూర్చున్నాడు. దారిలో పట్టుకోమని మారన చేతికి ఒక మూట కూడా ఇచ్చాడు, దారి ఖర్చులకని."

కాటన ఆమె మొహం వైపు చూశాడు. చెప్పాలి. చెప్పాడు. ఆ దళపతే కరాళుడని, ఆ మూటలోదే మణి అని రెండే మాటల్లో చెప్పాడు.

అక్కసాని ఏటి వైపు చూసింది. మెట్ల మీద నీళ్లు ఒక మెట్టు ఎక్కాయి. చూస్తుండగానే ఇంకో మెట్టు ఎక్కాయి. దూరాన ధూమగిరి మీద నీలికాంతి ఒకటి మెరిసి ఆరింది. కోటలో ఎవరో వరదగంట కొట్టారు. అది కాటన పోసిన గంటే.

"మరిదీ," అంది అక్కసాని, "నా కొడుకు."

కాటన మళ్లీ మైదానానికి నడిచాడు. జనం అప్పటికే మూటలు కట్టుకోను ఇళ్లకు పరుగెడుతున్నారు. శవం దగ్గర ఎవరూ లేరు, ఏనుగు కూడా లేదు. తలపాగా విప్పి పోలనను అందులో చుట్టి భుజానికెత్తుకున్నాడు. మోకాళ్ల లోతు నీళ్లలో ఏటిఒడ్డుకు వచ్చాడు.

గుడిసె సగం మునిగింది. నూకి పడవలో నిలబడి ఉంది. పడవ తోసే గెడ చేతిలో ఉంది. కాటన దేహాన్ని పడవలో పడుకోబెట్టాడు. ఆమె మొహం దాకా గుడ్డ తీసి చూసింది. మళ్లీ కప్పింది.

"ఇక్కడ కట్టెలన్నీ తడిసిపోయాయి. గుట్ట మీద కాలుద్దాం" అంది.

"మాయలోడు మా మారనను ఎత్తుకుపోయాడు. ఆ ధూమగిరి గుట్టకే పోయాడు. నీ పడవ కావాలి నాకు."

"నీ అన్న కొడుకుతో నాకేం పని?"

కాటన పోలన మీది గుడ్డ అంచు సర్దాడు.

"ఆ మాయలోడితో ఉంది పని" అంది నూకి. "ఎక్కు. గెడ ముట్టుకోకు. నాతో మాట్లాడకు. అడుగున పగులుంది, నీళ్లొస్తాయి. తోడు."

పడవ నీటిగుమ్మం దాటి వరద ఒరవడిలో పడింది. ఒడ్డున అక్కసాని కొడుకును పేరు పెట్టి పిలుస్తోంది. ముందర సుడి ఒకటి ఇల్లంత వెడల్పున తిరుగుతోంది. దాని అంచున మొసళ్ల వీపులు నల్లగా తేలుతున్నాయి. గుట్టకు దారి అటే గనుక నూకి గెడ వంచి పడవను నేరుగా దాని మీదకే తిప్పింది.

కాటన పోలన కాళ్ల దగ్గర కూర్చుని, డొప్ప అందుకుని, నీళ్లు తోడటం మొదలుపెట్టాడు.